ఇరవై ఏడో నెంబరు బిళ్ళ

పదకొండున్నరకు రమ్మన్నారు, వచ్చింది. రమ్మన్న మనిషే రాలేదు. స్వరూప ఈత కొలను పక్కన, బట్టలు మార్చుకునే గది గోడకు ఆనుకుని, జానెడు నీడలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నీడ జరిగినకొద్దీ తనూ జరుగుతోంది, ఇంకాసేపైతే జరగడానికి నీడ కూడా మిగలదు. మునిసిపాలిటీ నుంచి భానుప్రసాద్ అనే అధికారి వస్తాడట. ఆమె ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు, ఆగకుండా, గట్టు పట్టుకోకుండా ఈదాలట. ఈదితే ఆడవాళ్ళకు ఈత నేర్పే పని ఇస్తారు. నేర్పడానికి ఆడమనిషి దొరికింది కాబట్టి ఈ కొలనులో ఆడవాళ్ళకంటూ రోజూ ఒక గంట రాస్తారు. ఈదలేకపోతే పనీ లేదు, గంటా లేదు. గేటు దగ్గర ఇప్పుడున్న సమయాల బోర్డే ఉంటుంది, ఆ బోర్డు మీద ఆడవాళ్ళ ఊసే లేదు. నలభై ఆరేళ్ళ మనిషిని పరీక్షకని పిలిచి, పిలిచినవాడు మొహం చాటేస్తే, కూర్చున్న మనిషి చేయగలిగినవి రెండే, భయపడడం, మండిపడడం. స్వరూప కాసేపు అదీ కాసేపు ఇదీ చేస్తోంది. ఎండ ముదిరినకొద్దీ రెండోదే ఎక్కువవుతోంది.

గేటు బయట వేపచెట్టు కింద, బండి మీద కూర్చుని రాజేశం కునుకు తీస్తున్నాడు. మొగుడు. ఓపెన్‌కాస్టులో బొగ్గు తోలే డంపర్ నడుపుతాడు, డ్యూటీ దిగి నేరుగా ఆమెను ఎక్కించుకుని వచ్చాడు. దింపేటప్పుడు, "మునిగితె నన్ను పిలువకు, నాకు ఈత రాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. దరఖాస్తు పెట్టానని చెప్పిన రోజు మాత్రం నవ్వలేదు, ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపి, "నీకు ఈతొస్తదా?" అని అడిగాడు. ఇరవై ఐదేళ్ళ కాపురం. పప్పులో ఉప్పెంత వేస్తుందో తెలుసు, ఏ పన్ను కదులుతోందో తెలుసు, ఇది తెలియదు. ఎలా తెలుస్తుంది, చెబితే కదా. చెప్పడానికి వస్తుందో రాదో ఆమెకే తెలియదాయె. నిద్రలో చేతులు ఆడిస్తే, "ఏందే, దోమలా?" అనేవాడు పాపం. ఊఁ, దోమలే, అనేది. ఇప్పుడు ఈ చీర కింద, తనే కుట్టుకున్న నైలాను జోడు ఉంది. ఊరందరికీ జాకెట్లు కుట్టే చెయ్యి తన ఈత బట్టలు కుట్టుకోలేదా. బజారులో ఆమె కొలతకు దొరికేవి లేవు, దొరికినవి వేసుకునేలా లేవు. మోచేతుల దాకా, మోకాళ్ళ కింది దాకా, కుట్టు మీద కుట్టు వేసి మరీ కుట్టింది. చెమటకు అది ఒంటికి అతుక్కుని చీదర పెడుతోంది. మెడలో పుస్తెలతాడు పక్కన ఇంకో తాడుంది, దానికి రూపాయి కన్నా కాస్త పెద్దదైన ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద కొట్టిన అంకె ఇరవై ఏడు. ఆ బిళ్ళ ఇక్కడిదే. ముప్పై మూడేళ్ళ క్రితం ఈ గేటు దాటి పోయింది, మళ్ళీ ఈ రోజే వచ్చింది.

తమ్ముడి బిడ్డ నవ్యశ్రీ వచ్చి అడిగి ఉండకపోతే ఆ బిళ్ళ బియ్యం డబ్బా అడుగునే ఉండేది. పదకొండేళ్ళ పిల్ల. కొలనుకు మళ్ళీ రంగులు వేసి తెరిచారని విని, తువ్వాలు భుజాన వేసుకుని, ఒక్కతే గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. "అత్తా, మొగపిల్లలకు పొద్దుగాల ఉన్నదట, పొద్దుగూకాల ఉన్నదట. మనకు లేదట. నేర్పెటోళ్ళు లేరట." ఏడవలేదు. మిషను పక్కన నిలబడి తువ్వాలు మడతలు పెడుతూ చెప్పింది. "మరి మనకెప్పుడత్తా?" స్వరూప మిషను తొక్కడం ఆపలేదు, కానీ ఆ రోజు కుట్టిన జాకెట్టు చేతులు వంకర పోయాయి, విప్పి మళ్ళీ కుట్టవలసి వచ్చింది. మనకెప్పుడు. తమ కాలంలో అయితే ఒక జవాబుండేది, మనకు మిట్టమధ్యాహ్నం, పన్నెండు నుంచి ఒంటిగంట. ముప్పై మూడేళ్ళలో ఊరు ఇంత ఎదిగింది, నాలుగంతస్తుల బిల్డింగులు లేచాయి, ఉన్న ఆ ఒక్క గంటా పోయింది.

పన్నెండు నుంచి ఒంటిగంట. అదేమీ ఎవరో దయతలిచి ఇచ్చిన గంట కాదు, ఎవరికీ అక్కర్లేని గంట. అప్పుడు ఇది బొగ్గు కంపెనీ కాలనీ కొలను. ఊళ్ళో ఎవరైనా రావచ్చు, కానీ పొద్దున ఆఫీసర్లు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు, సాయంత్రం షిఫ్టు దిగిన మగవాళ్ళు. గట్టు సిమెంటు పెనంలా కాలే వేళకు, కాకి కూడా నీళ్ళ దగ్గరికి రాని వేళకు, ఆడపిల్లల గంట. చెప్పులు గేటు దగ్గరే విడవాలి. అక్కడి నుంచి నీళ్ళ దాకా ఇరవై అడుగులు, ఆ ఇరవై అడుగులూ మునివేళ్ళ మీద గంతులు. తారాబాయి రెండు తడి గోనెపట్టాలు తెచ్చేది, ఒకటి పరిచి దాని మీద నిలబడి రెండోది ముందుకు వేసి, మళ్ళీ వెనకది తీసి ముందుకు. తారాబాయి వాళ్ళది ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర అంచు, బొగ్గుబాయిలో పనికని వచ్చినవాళ్ళు. అమ్మను ఆయి అనేది, కోపమొస్తే మరాఠీలో తిట్టేది, ఆ తిట్లు ఎవరికీ అర్థం కావు కాబట్టి అందరూ నేర్చుకున్నారు. ఈత బట్టలెవరికున్నాయి. పాత గౌన్లు, అన్నల నిక్కర్లు, నీళ్ళలోకి దూకగానే గౌను బుగ్గలా ఉబ్బి పైకి తేలేది, దాన్ని రెండు చేతులా కిందికి నొక్కుతూ ఈదమంటే ఎవరికి సాధ్యం. అందుకే నిక్కర్లో దోపుకునేవాళ్ళు, ముందూ వెనకా పొట్టలు వచ్చినట్టుండేది. ఐదు వేసవులు. తొమ్మిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా. అంత ఎండలో, అంత సిమెంటు మీద, అక్కర్లేని గంటలో, ఆ ఐదు వేసవులంత సుఖం స్వరూప ఇంకెక్కడా పడలేదు, ఎవరేమనుకున్నా సరే.

బట్టల గది గోడ మీద, తలుపు పక్కన, బిళ్ళలు తగిలించే ఆ పలక ఇంకా ఉంది. కొత్త రంగు దాని మీదుగానే పూసేశారు, కానీ వరుసగా కొట్టిన మేకులు ఉన్నాయి, మేకుల కింద అంకెలు లీలగా కనిపిస్తున్నాయి. సారయ్య కాక పలక. కొలను కాపలా ఆయనదే, నేర్పడం ఆయనదే, బ్లీచింగు కలపడం, కొట్లాటలు విడదీయడం, అన్నీ ఆయనే. బాయిలో కప్పు కూలి కాలు విరిగితే పైపని కింద ఇక్కడ వేశారు, కుడికాలు పొట్టి, గట్టు మీద నడిస్తే ఒక అడుగు పెద్ద చప్పుడు, ఒక అడుగు చిన్న చప్పుడు. బొగ్గుబాయిలో దిగే ప్రతి మనిషికీ ఒక బిళ్ళ ఉంటుంది, దిగేటప్పుడు వెంట తీసుకుపోతాడు, పైకి వచ్చాక ఇస్తాడు. పలక మీద ఏ మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలున్నట్టు. సారయ్య కాక ఆ పద్ధతి మొత్తం ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టాడు. ఎక్కడో పాత బిళ్ళలు అడిగి తెచ్చి, తాళ్ళు కట్టి, దిగే ప్రతి పిల్ల మెడలో ఒకటి వేసేవాడు. మగపిల్లలకూ అంతే, ఆఫీసర్ల పిల్లలకూ అంతే, ఒకసారి పెద్ద ఇంజినీరు బిళ్ళ వేసుకోనంటే ఆయన్నూ దిగనివ్వలేదు. ఒక్కటే షరతు. "ఎవల బిళ్ళ వాళ్ళ చేతితోనే ఇయ్యాలె. దోస్తుది నేనిస్త అంటె నడువది." ఆయన నేర్పే తీరు కూడా వేరు. ఆడపిల్లల గంటలో నీళ్ళలోకి దిగేవాడు కాదు, గట్టు మీద నుంచి పొడుగాటి వెదురు కట్టె చాపేవాడు, దాని కొస పట్టుకుని కాళ్ళు కొట్టాలి, ఎప్పుడో ఒకప్పుడు కట్టె ఉండదు, మనం చూసుకోం. భయపడి చేతులూ కాళ్ళూ తపతప కొట్టేవాళ్ళకు ఒకటే చెప్పేవాడు. "నీళ్ళతోని కొట్లాడకు బిడ్డా. కొట్లాట గట్టు మీద పెట్టుకో." గోడ మీద ఎర్ర రంగుతో తనే రాసిన అక్షరాలు ఎదురుగా ఇంకా ఉన్నాయి, వాటినెందుకో ఎవరూ చెరపలేదు. లోపల మనిషి ఉండగా గట్టు విడువరాదు. ఆ మాట పిల్లలకు రాసింది కాదు. తనకు తాను రాసుకుంది.

నీళ్ళ అడుగున అయితే ఇంకో లోకం. పన్నెండడుగుల లోతు దగ్గర ఊపిరి పట్టి కిందికి పోయి, నీలం గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుంటే, పైన అంతా అరుపులు, ఇక్కడ గుండె చప్పుడొక్కటే. అక్కడ స్వరూప ఎవరి బిడ్డా కాదు, ఎవరికీ అక్క కాదు, నీళ్ళు మోయాలనీ అంట్లు తోమాలనీ ఎవరూ పిలవలేరు, పిలిచినా వినబడదు. ఆ వినబడకపోవడం కోసమే మళ్ళీ మళ్ళీ మునిగేది. పైకి వచ్చేసరికి సారయ్య కాక గట్టు అంచున వంగి, మెడ చాచి నిలబడి ఉండేవాడు. తిట్టేవాడు కాదు. "ఎంతసేపే" అనేవాడు, అంతే, ఆ అనడంలో గొంతు కొంచెం వణికేది. పిల్లలకు అది నవ్వులాట. తారాబాయి ఆయన్ను అనుకరించి "ఎంతసేపే" అంటే అందరూ నవ్వేవాళ్ళు, స్వరూప కూడా నవ్వింది, నవ్వినందుకు ఇప్పుడు ఈ ఎండలో కూర్చుని సిగ్గుపడుతోంది.

ఇంతకీ రాడేం ఆ మనిషి. పన్నెండూ ఇరవై. ఇదే గంట. ఆ రోజు కూడా ఇదే గంట, ఐదో వేసవి, ఎండాకాలం సెలవులు ఇంకో పది రోజుల్లో అయిపోతాయనగా. నీళ్ళలోంచి మెట్లెక్కుతుంటే వెనక నుంచి తారాబాయి, "అగో, ఆగు" అంది, గొంతు తగ్గించి. గోనెపట్టా తీసి నడుముకు చుట్టింది. ఎందుకో చెప్పింది. చెప్పగానే స్వరూపకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఇద్దరూ గేటు వైపు పోకుండా పంపు గది వెనక సందులోంచి, తుమ్మ కంచె దాటి, ఇంటికి పరుగు. మెడలో బిళ్ళ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. అవ్వ అని పిలుచుకునే కన్నతల్లి కనకవ్వ చూసింది, అర్థం చేసుకుంది, తడి గౌను విప్పించి, ఇంటి వెనక గదిలో మూలకు కొత్త చాప వేసి కూర్చోబెట్టింది, విడిగా ఒక స్టీలు పళ్ళెం, ఒక గ్లాసు. పెద్దమనిషైంది అని ఇరుగుపొరుగుకు కబురు పోయింది. "ఇగ హౌజు బందు" అంది అవ్వ, కొలనును అందరూ హౌజనే అనేవాళ్ళు. అంత పెద్ద సంగతిని అంత చిన్న మాటలో అనేసి బెల్లం దంచడానికి పోయింది. మూల కూర్చున్నాక మెడ తడుముకుంటే బిళ్ళ.

సాయంత్రమయ్యేసరికి తెలిసింది. ఒంటిగంటకు అందరూ బిళ్ళలిచ్చారు, ఇరవై ఏడు రాలేదు. స్వరూప ఇంటికి పోయిందని తారాబాయి తిరిగొచ్చి చెప్పింది, సారయ్య కాక నమ్మలేదు. నువ్వు చెబితే చాలదు, బిళ్ళ ఏది అన్నాడు. సాయంత్రం మగవాళ్ళ గంట ఆపేశాడు. ఆ పొట్టి కాలుతో, ఆ బొగ్గు తిన్న ఊపిరితిత్తులతో, పన్నెండడుగుల నీళ్ళలో అడుగంతా చేతులతో తడిమాడట, రెండు గంటలు, మునగడం తేలడం, మునగడం తేలడం. ఆ తర్వాత తడి బట్టలతోనే కాలనీలోకి నడిచొచ్చి వీళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు. పరదా ఇవతల మూలన కూర్చున్న స్వరూపకు పెద్ద అడుగు, చిన్న అడుగు, బట్టల్లోంచి నీళ్ళు కారే చప్పుడు, అన్నీ వినిపించాయి.

"చెల్లె, పిల్ల ఇంట్లనే ఉన్నదా?"

"ఉన్నదన్నా. పెద్దమనిషైంది, కూసుండవెట్టినం."

"ఒక్కసారి చూపెట్టు. కండ్లతోని చూసి పోత."

"మొగోళ్ళు చూడద్దు కదనే. నీకెరుకలేదా."

"బిళ్ళ రాలే చెల్లె. బిళ్ళ రాలేదంటె మనిషి రానట్టే."

అవ్వ ఏం చెబుతుంది, ఆమెకూ ఒక కట్టుబాటు, ఆయనకూ ఒక కట్టుబాటు. ఆయన కదలడం లేదు. దగ్గు తెర ఒకటి వచ్చింది, తగ్గింది, అయినా కదలలేదు. స్వరూప నోరు విప్పి "ఉన్న కాకా" అంటే సరిపోయేది, కానీ మూల కూర్చున్న పిల్ల గొంతు గుమ్మం దాటకూడదని మధ్యాహ్నమే చెప్పారు. అప్పుడు మెడలోంచి బిళ్ళ తీసి స్టీలు పళ్ళానికి కొట్టింది. టంగ్. టంగ్. టంగ్. మూడుసార్లు. బాయిలో రాయి పడి చిక్కుకున్న మనిషి చేతిలో ఏముంటే దాంతో పైపు మీద మూడు దెబ్బలు వేస్తాడని, అంటే నేనున్నానని, బాపు, తన తండ్రి, ఎప్పుడో చెప్పిన ముచ్చట. తర్వాత సారయ్య కాక ఒక పెద్ద ఊపిరి వదిలాడు. "మంచిది" అన్నాడు. పెద్ద అడుగు, చిన్న అడుగు, పోయాడు.

ఆ రాత్రే బాపు రామచంద్రం షిఫ్టు దిగొచ్చి, అన్నం ముందు కూర్చుని, పరదా ఇవతలికి వినిపించేలా అవ్వకు చెప్పాడు. సారయ్యకు బాలమల్లని ప్రాణ దోస్తు. ఒక రోజు షిఫ్టు అయిపోయాక, "నువ్వు పో, ఎనుకనే వస్త, నా బిళ్ళ గుడ ఇచ్చెయ్యి" అని బాలమల్లు తన బిళ్ళ సారయ్య చేతిలో పెట్టాడు, వరసలో నిలబడే పని తప్పుతుందని. సారయ్య రెండు బిళ్ళలూ ఇచ్చి ఇంటికి పోయాడు. పలక నిండుగా ఉంది కాబట్టి లోపల ఎవరూ లేరనుకున్నారు. ఎవరూ వెతకలేదు. కూలిన కప్పు కింద బాలమల్లు తెల్లారి దొరికాడు. "పది గంటలు బతికిండట" అన్నాడు బాపు. "పైపు మీద కొట్టిన సొట్టలున్నయట." ఆ తర్వాత అన్నం కలపడం వినిపించలేదు.

అది విన్నాక కూడా ఇవ్వలేదు. ఈ సంగతి స్వరూప ఎవరికీ చెప్పుకోలేదు. మర్నాడు అవ్వ వచ్చి, "బిళ్ళేదే, తారతోని పంపుత" అంటే, "పోయింది" అంది. చాప కింద పెట్టుకుని, దాని మీదే కూర్చుని, పోయింది అంది. తోటి పిల్ల చేతికిస్తే ఆయన తీసుకోడని ఒక సాకు ఉంది, కానీ అది సాకే. అసలు సంగతి వేరు. బిళ్ళ ఇస్తే పైకి వచ్చినట్టు. బిళ్ళ ఇస్తే ఇరవై ఏడు మేకు నిండుతుంది, ఇంకో పిల్ల మెడలో పడుతుంది, స్వరూప అనే పిల్ల కథ అయిపోతుంది. ఇయ్యను. బయటికి రమ్మని నన్నెవరూ అడగలేదు, లాక్కొచ్చి మూలన కూర్చోబెట్టారు, సరే కూర్చుంటాను, పసుపు పూస్తే పూయించుకుంటాను, చీర కడితే కట్టుకుంటాను, కానీ పలక మీద మాత్రం నేను లోపలే ఉంటాను. పదమూడేళ్ళ పిల్లకు అంత మొండితనం ఎక్కడిదో. తప్పే, ఆ ముసలి గుండెను అలా కొయ్యకు తగిలించి ఉంచడం తప్పే. అయినా మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అదే చేస్తుంది. తర్వాతి వేసవికి తారాబాయి చెప్పింది, కాక ఇరవై ఏడు మేకుకు ఇంకో బిళ్ళ వేయలేదట. ఎందుకని అడిగితే, అది లోపలున్నది అన్నాడట.

పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వచ్చాడు. చేతికర్ర వచ్చేసింది అప్పటికి. తల మీద బియ్యం వేస్తూ వంగి, రాజేశానికి వినబడకుండా, "బిళ్ళ ఉన్నదా?" అని అడిగాడు. "ఉన్నది కాకా." ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడివ్వాలి అనుకుంది, చేతులకు కంకణాలున్నాయి, పీటల మీద నుంచి లేచి ఎలా తెస్తుంది. "ఉండనియ్యి" అన్నాడు. అంతే. ఆ మాట మీద ఇన్నేళ్ళు గడిపింది. రెండుసార్లు ధర్మపురిలో పుష్కరాలకు గోదావరిలో దిగినప్పుడు, అందరూ మూడు మునకలు వేసి ఒడ్డెక్కుతుంటే, నాలుగో మునకలో కాళ్ళు చాపి ఒక పది చేతులు వేసింది, అంతే, అదే ఈత, రెండింటికీ మధ్య పన్నెండేళ్ళు. సారయ్య కాక పోయాడని తెలిసిన రోజు బియ్యం డబ్బా బోర్లించి, బిళ్ళ చేతిలో పట్టుకుని వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఇక ఇద్దామన్నా తీసుకునే చెయ్యి లేదు.

గేటు చప్పుడైంది. భానుప్రసాద్ పన్నెండూ ముప్పై ఐదుకు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, కరీంనగర్ పిల్లవాడు, ఒక చేతిలో ఫైలు, ఒక చేతిలో ఫోను. "సారీ మేడం, మీటింగుండె. జర జల్దీ కానిద్దాం" అంటూ బూట్లతోనే గట్టెక్కాడు. "చెప్పులు విడువాలె సార్" అంది స్వరూప. చెప్పులు విడవమని గేటు పక్కన రాసి ఉన్న బోర్డు చూపించింది. అతను మొహమాటపడి బూట్లు, సాక్సులు విప్పి, ఒక్క అడుగు వేసి, "అబ్బ" అన్నాడు. ఆమె చీర విప్పి మడతపెట్టింది. నైలాను జోడులో, పొట్టా నడుమూ ఉన్నవి ఉన్నట్టు, ఎండలో నిలబడింది. అతను ఫోనులోకి చూశాడు. చూడనీ, చూడకపోనీ. ఇరవై అడుగుల సిమెంటు మీద ఆమె గంతులు వేయలేదు, మామూలుగా నడిచింది, అరికాళ్ళు భగ్గుమంటున్నా మామూలుగానే నడిచింది.

నీళ్ళు. మొదట చలి, వెంటనే చలి కాదు, ముక్కులోకి బ్లీచింగు వాసన, అదే వాసన, చేతులు ముందుకు పోతున్నాయా, పోతున్నాయి, వాటంతటవే పోతున్నాయి, ఒకటి రెండు మూడు ఊపిరి, అదిగో గచ్చు నీలం, అదిగో పన్నెండడుగులు, గోడ తగిలింది, మళ్ళు, రెండోసారి, నలభై ఆరు, నలభై ఆరైతే ఏం, భుజం పట్టేస్తోంది, మిషను తొక్కిన కాళ్ళివి, కొట్టు, గోడ, మళ్ళు, మూడోది ఎందుకింత పొడుగు, ఊపిరి అందడం లేదు, నీళ్ళు మింగింది, గట్టు చెయ్యి చాపితే అందేంత దగ్గర, పట్టుకుంటే అయిపోతుంది, అంతా అయిపోతుంది, నవ్యశ్రీ తువ్వాలు మడత పెడుతుంది, చేతులు తపతపలాడుతున్నాయి, తప్పు, అది కొట్లాట, కొట్లాడకు బిడ్డా, సరే కాకా, కొట్లాడను, చేతులు వదులు చేసింది, ముఖం నీళ్ళలో పెట్టింది, గుండె చప్పుడొక్కటే, ఎవరి బిడ్డా కాదు, ఎవరి పెళ్ళామూ కాదు, ఆ చప్పుడు వెంట నెమ్మదిగా, ఎవరికీ తొందర లేనట్టు, గోడ, మళ్ళు, నాలుగోది, ఎక్కడో కట్టె కొస ఉన్నట్టే ఉంది, లేదు, లేకపోయినా ఫరవాలేదు, గోడ.

"సూపర్ మేడం. అయిపోయింది, బయటికి రాండ్రి" అన్నాడు భానుప్రసాద్. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. "సంతకం పెట్టేస్త. టైమింగు పన్నెండు టు ఒకటి రాస్తున్న."

స్వరూప నిచ్చెన కమ్మీ పట్టుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "పన్నెండా?"

"గదొక్కటే ఖాళీ ఉన్నది మేడం. పొద్దున, సాయంత్రం మెంబర్లవి."

"పొద్దున ఆరు గంటలది రాయుండ్రి సార్. ఆరు నుంచి ఏడు."

"అది నా చేతుల లేదు మేడం."

"కాగితం మీ చేతులనే ఉన్నది."

అతను కాగితం వైపు చూసుకున్నాడు. "ముందు బయటికి రాండ్రి, కూసోని మాట్లాడుదాం." గట్టెక్కితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చీర కట్టుకుంటుంది, తువ్వాలుతో తల తుడుచుకుంటుంది, సార్ సార్ అంటుంది, పన్నెండు నుంచి ఒకటి రాసిన కాగితం పట్టుకుని ఇంటికి పోతుంది, నవ్యశ్రీ మునివేళ్ళ మీద ఇరవై అడుగులు గంతులు వేస్తుంది. కొట్లాట గట్టు మీద పెట్టుకోమన్నాడు కాక. బిళ్ళ సంగతిలో తప్ప ఆయన మాట ఎప్పుడూ జవదాటలేదు, ఈ ఒక్కసారికీ క్షమిస్తాడు.

"నేను రాను సార్."

"రానంటె ఎట్ల మేడం? నాకు పనున్నది, నేను పోత మరి."

"పోవద్దు సార్." ఆమె నీళ్ళలోంచి చెయ్యెత్తి గోడ వైపు చూపించింది. "గది చదువుండ్రి."

అతను చదివాడు. లోపల మనిషి ఉండగా గట్టు విడువరాదు. గేటు వైపు చూశాడు, బూట్ల వైపు చూశాడు, నీళ్ళలో తేలుతున్న నలభై ఆరేళ్ళ ఆడమనిషిని చూశాడు, ఏమన్నా అయితే తన మీదికొస్తుందని అతని ముఖం మీదే కనబడింది. ఎవరికో ఫోను చేసి, "సార్, ఆమె నీళ్ళల్లకెల్లి బయటికి ఎల్లుతలేదు సార్" అన్నాడు, అటువైపు మాటలు వింటూ నాలుగుసార్లు కాళ్ళు మార్చాడు.

"కాలుతున్నదా సార్?" అంది స్వరూప. వెక్కిరింపుగా అనలేదు. "మేం ఐదేండ్లు తొక్కినం. నా మేనకోడలు తొక్కది."

మెడలోంచి బిళ్ళ తీసింది. తాడు చేతికి చుట్టుకుని, నీళ్ళ మధ్య నుంచి చెయ్యి చాపి, ఇత్తడిని నిచ్చెన ఇనుప కమ్మీకి కొట్టింది. టంగ్. టంగ్. టంగ్. చప్పుడు నీళ్ళలో కూడా పోయింది, కడుపుకు తగిలింది. గేటు బయట రాజేశం ఉలిక్కిపడి లేచి ఇటు చూశాడు.

"ఏంది మేడం గది?"

"లోపల మనిషున్నదని సార్."

భానుప్రసాద్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఫైలు మోకాలి మీద ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, పెన్ను మూత పళ్ళతో లాగాడు.

"ఆరు పక్కన ఉదయం అని గుడ రాయుండ్రి" అంది స్వరూప. "రాసి, పెద్దగ చదువుండ్రి. నేనీడనే వింట."